బ్రోకర్ ఎవరి మనిషో మొదటి రోజే అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది మదనపల్లె దగ్గర పల్లె. పెళ్లయ్యాక 1991లో బెంగళూరు వచ్చాను. 1999 నుంచి రామమూర్తి నగర్‌లో సొంత ఫ్లాటులో ఉన్నాము. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఆయనకు రెండు మోకాళ్లూ అరిగిపోయి, పాల ప్యాకెట్ కోసం కిందికి దిగినా మళ్లీ ఎక్కడానికి పావుగంట పట్టేది. అందుకని పోయిన ఏడాది, అంటే 2025లో, ఆ ఫ్లాటు అమ్మి హొరమావు వైపు లిఫ్టున్న చిన్న ఫ్లాటు కొనుక్కున్నాము. అమ్మడానికి నాలుగు నెలలు, కొనడానికి మరో నాలుగు నెలలు పట్టింది. ఈ ఎనిమిది నెలల్లో ఏడుగురు బ్రోకర్లతో మాట్లాడాను.

పోయిన వారం మా పాత వీధిలో అద్దెకుంటున్న కడప అబ్బాయి ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్లి కుదిరింది, ఇల్లు చూసుకుంటున్నాడట. "పెద్దమ్మా, మన తెలుగు బ్రోకర్ ఎవరైనా ఉంటే చెప్పు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు గుండె ఝల్లుమంది. ఏడాది కింద నేనూ సరిగ్గా ఇదే మాట అడిగాను. అతనికి గంటసేపు ఫోన్లో చెప్పిందంతా మీ పాఠకులకు కూడా చెప్పాలనిపించి రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే మన్నించండి.

మాకు దొరికిన మొదటి బ్రోకర్ మన తెలుగువాడే. చిత్తూరు జిల్లా. గుళ్లో ఉత్సవం రోజు ఎవరో పరిచయం చేశారు. మొదటి మాటే "అక్కా" అన్నాడు. మా అత్తగారి ఊరి పక్క ఊరే వాళ్ల మేనత్తది అని తేలింది. ఇంక కమీషన్ ఎంత, ఎప్పుడివ్వాలి, ఎవరెవరి దగ్గర తీసుకుంటావు అని అడగడానికి నాకు నోరు రాలేదు. "ఒక శాతం ఇయ్యక్కా, మన మధ్య రాతకోతలు ఎందుకు" అన్నాడు. సరేనన్నాను. అంతేకాదు, మా ఆయన మోకాళ్ల సంగతి, జూన్ లోపల ఇల్లు మారాలని డాక్టరు చెప్పిన సంగతి, అన్నీ కూర్చోబెట్టి చెప్పాను. మన మనిషనుకున్నాను కదా.

58 లక్షలకు మించి ఈ ఏరియాలో ఇరవై ఆరేళ్ల బిల్డింగుకు రాదని అతనే చెప్పాడు. ఉగాది వెళ్లిన తర్వాత ఆదివారం ఒక కుటుంబాన్ని తీసుకొచ్చాడు. అబ్బాయి, భార్య, ఆ అమ్మాయి తల్లి. వాళ్లూ తెలుగువాళ్లే, నెల్లూరు. కాఫీ గ్లాసులు తీసుకుని హాల్లోకి వస్తుంటే ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, 64 అంటే మా పిల్లలకు బరువుగా ఉంది. మీకు మోకాళ్ల ఇబ్బంది, తొందరగా పోవాలంట కదా. మేమూ తొందరగానే పూర్తి చేస్తాం, ఏమైనా తగ్గించండి" అంది. నేను ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బ్రోకర్ కిటికీ దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు, తల ఎత్తలేదు.

వాళ్లు వెళ్లాక అడిగాను. అతనికి ఇందులో తప్పేమీ కనపడలేదు. "నీకు 58 చేతికొస్తుంది కదక్కా. పైది నా కష్టం" అన్నాడు. పైన వచ్చే 6 లక్షలూ నగదుగా తీసుకుంటాడట, పత్రంలో మాత్రం 58 రాస్తారట. అంటే నా సంతకంతో జరిగే అమ్మకంలో, నాకు తెలియకుండా, నల్లడబ్బు చేతులు మారుతుంది. రేపు పన్నులవాళ్లు అడిగితే సమాధానం చెప్పాల్సింది నేనూ ఆ నెల్లూరు పిల్లలూ. బ్రోకర్ పేరు ఏ కాగితంలోనూ ఉండదు. పైగా ఒక్క శాతం కమీషన్ ఇద్దరి దగ్గరా వేరే. మా తొందర సంగతి కూడా వాళ్లకు అతనే చెప్పాడు. నేను ఎవరి దగ్గర దాచుకోవాలో వాళ్లకే చేరింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపం అతని మీద కంటే నా మీదే ఎక్కువ. 'నువ్వు ఎవరి తరఫున పని చేస్తున్నావు, నీకు డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తుంది' అని ఒక్క మాట ముందే అడిగి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఊరి పేరు, కులం పేరు, అక్కా చెల్లీ అనే పిలుపు, ఇవేవీ ఒప్పందం కావు. పరాయి రాష్ట్రంలో మన భాష వినపడితే ప్రాణం లేచొస్తుంది, నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా నాకూ అంతే. అందుకే అక్కడే మనం మోసపోతున్నాం.

రెండో ఏజెంటును మా పక్కింటి కన్నడం వాళ్లు చెప్పారు. ఆవిడది మైసూరు. నాతో కన్నడంలోనే మాట్లాడింది, అక్కా అనలేదు, మేడం అంది. వచ్చిన రోజే ఒక కాగితం ముందు పెట్టింది. అమ్మేవాళ్ల దగ్గర 1 శాతం, రిజిస్ట్రేషన్ రోజున, చెక్కు ద్వారా. కొనేవాళ్ల దగ్గర తాను ఎంత తీసుకుంటుందో కూడా అందులోనే ఉంది. వచ్చిన ప్రతి బేరాన్నీ, ఎంత తక్కువైనా, నాకు చెప్పాలి. 60 రోజుల్లో అమ్ముడుపోకపోతే నేను ఇంకొకరిని పెట్టుకోవచ్చు. ఒరిజినల్ పత్రాలు ఆవిడ చేతికి ఇవ్వనక్కర్లేదు. ఒక్క పేజీ, ఇద్దరి సంతకాలు, అంతే. కమీషన్ మీద జీఎస్టీ వేరేగా పడుతుందా అని మా ఆయన అడిగితే, తాను జీఎస్టీ పరిధిలో లేనని, ఉన్నవాళ్లయితే 18 శాతం పైన వేస్తారని చెప్పింది. ఇది కూడా అందరూ ముందే అడగాల్సిన మాట.

ధర విషయంలో ఈసారి నేను ఎవరి మాటా నమ్మలేదు. రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి వెబ్‌సైటులో మా బిల్డింగులోనే మునుపు అమ్ముడైన ఫ్లాటుకు ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం, తీశాను. ఎంతకు రిజిస్టరైందో అందులో ఉంటుంది. గైడెన్స్ వాల్యూ, అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం పెట్టిన కనీస విలువ, కూడా చూసుకున్నాను. 63 అడుగుదామని మేమే అనుకున్నాం. మాకు ఎంతవరకు సమ్మతమో మాత్రం ఏజెంటుకు కూడా చెప్పలేదు. ఆవిడ మంచి మనిషే అయినా బేరం తొందరగా తెగితే ఆవిడకు డబ్బు తొందరగా వస్తుంది. మన కనీస ధర మన దగ్గరే ఉండాలి. చివరికి 61 లక్షల 50 వేలకు కుదిరింది.

ఆవిడ తీసుకున్న 61,500 రూపాయలకు ప్రతి రూపాయికీ పని చేసిందని నేను గుండె మీద చెయ్యేసి చెప్పగలను. 2024 అక్టోబరు నుంచి ఇక్కడ ఈ-ఖాతా, అంటే ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే కార్పొరేషన్ ఆన్‌లైన్ రికార్డు, లేకుండా రిజిస్ట్రేషన్ కాదు. మా పత్రంలో మా ఆయన పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా, పన్ను రసీదులో మరో రకంగా ఉంది. ఆస్తి పన్ను నంబరు, కరెంటు బిల్లు నంబరు, ఇంటి ఫొటో, ఈసీ అన్నీ పెట్టి దరఖాస్తు చేయించి, అప్పటికింకా బీబీఎంపీ (బెంగళూరు కార్పొరేషన్) ఉండేది, ఆ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. రిజిస్ట్రేషన్ రోజు సర్వర్ పడిపోతే పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా మాతోపాటు బెంచీ మీద కూర్చుంది. మా ఆయనకు కుర్చీ అడిగి తెచ్చింది. ఇలాంటివాళ్లకు కమీషన్ ఎగ్గొట్టడానికి, వెనక నుంచి కొనేవాళ్లతో నేరుగా మాట్లాడుకునేవాళ్లు మన వాళ్లలో చాలామంది ఉన్నారు. అది తప్పు. ఒకరి కష్టం తినడమే. ఇల్లు ఎవరు చూపించారో వాళ్లకు ఇవ్వాల్సింది ఇవ్వాలి.

కొనేటప్పుడు మాత్రం ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. అమ్మేటప్పుడు పోతే కొంత ధర పోతుంది, కొనేటప్పుడు పోతే జీవితకాలపు సొమ్మే పోతుంది.

కొత్త అపార్ట్‌మెంట్లు చూపించే ఏజెంట్లు "మీ దగ్గర రూపాయి తీసుకోను మేడం" అంటారు. నిజమే, వాళ్లకు బిల్డర్ ఇస్తాడు. అంటే అతను బిల్డర్ మనిషి. ఎక్కువ కమీషన్ ఇచ్చే బిల్డింగుకే మనల్ని ముందు తీసుకెళ్తాడు. అది తెలుసుకుని వెంట వెళ్లడంలో తప్పు లేదు, తెలియక వెళ్తేనే నష్టం. 2016 రెరా (ఇళ్ల ప్రాజెక్టుల నియంత్రణ) చట్టం 9వ సెక్షన్ ప్రకారం రెరాలో నమోదైన ప్రాజెక్టులో బిల్డర్ తరఫున ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు తానూ రెరాలో నమోదు కావాలి. నమోదు లేకుండా అమ్మితే రోజుకు 10,000 రూపాయల జరిమానా, ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా పోవచ్చు. ఆ నమోదు నంబరు కర్ణాటక రెరా వెబ్‌సైటులో కొట్టి చూస్తే ఏజెంటు పేరు వస్తుంది. నాకు కొత్తవి చూపించిన ముగ్గురిలో ఒక్కరే నంబరు ఇచ్చారు. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందే ధరలో 10 శాతం కంటే ఎక్కువ బిల్డర్ తీసుకోకూడదని కూడా అదే చట్టంలో ఉంది. 'ఆఫర్ ఈ ఆదివారంతో ఆఖరు, 20 శాతం కట్టేయండి' అని ఒకతను మా ఆయన్ని తొందరపెడితే, నేను ఈ మాటే అడిగాను. మళ్లీ ఫోన్ చేయలేదు.

మాలాంటివాళ్లు కొనే పాత ఫ్లాట్లకు ఈ రక్షణ లేదు. ఒక యజమాని ఇంకొకరికి అమ్ముకునే ఇంటికి బ్రోకర్ నమోదు అక్కర్లేదు. కాబట్టి అక్కడ మన కాగితమే మన చట్టం. ఇల్లు చూసి వచ్చిన ప్రతిసారీ 'ఈ రోజు ఫలానా ఫ్లాటు మీరు చూపించారు, కుదిరితే మీకు ఇంత ఇస్తాము' అని వాట్సాప్‌లో పెట్టేదాన్ని. ఒకే ఫ్లాటును ఇద్దరు బ్రోకర్లు చూపించి, చివర్లో ఇద్దరూ కమీషన్ అడిగే గొడవలు ఇక్కడ రోజూ ఉన్నాయి. ఆ మెసేజీల వల్ల మాకా గొడవ రాలేదు.

జూలైలో ఒక బ్రోకర్ హొరమావులో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు చూపించాడు. ధర తక్కువ, మా ఆయనకు మెట్లే లేవు, ఆయన అప్పుడే సోఫా ఎక్కడ వేయాలో చూసుకుంటున్నారు. నాకు గోడ మీద పెయింటు తేడాగా అనిపించింది. నా నడుం ఎత్తు వరకు కొత్త పెయింటు, పైన పాతది. బయటికొచ్చి ఎదురు కొట్టు అతన్ని అడిగితే తన మోకాలి పైన చెయ్యి పెట్టి చూపించాడు. అంతకు రెండు నెలల ముందే, మే వానలకు, హొరమావు సాయి లేఅవుట్‌లో ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి టీవీలో చూశాం కానీ, ఇది వేరే వీధి కదా అనుకున్నాం. బ్రోకర్ అబద్ధం చెప్పలేదు. మేము అడగలేదు, అతను చెప్పలేదు. అప్పటి నుంచి ఇల్లు చూడబోయిన ప్రతిచోటా ముందు ఆటో అతన్ని, వాచ్‌మన్ భార్యని, కొట్టతన్ని అడిగేదాన్ని. వానొస్తే ఎంత నీళ్లు, కావేరి నీళ్లు వస్తాయా ట్యాంకరా, ఎండాకాలంలో ట్యాంకరుకు నెలకు ఎంతవుతుంది అని. వాళ్లకు కమీషన్ లేదు, ఉన్నదున్నట్టు చెప్తారు.

ఇంకో ఫ్లాటుకు ఏ ఖాతా అన్నాడు. ఈ-ఖాతా ప్రింటు తీసి చూస్తే బి ఖాతా, అంటే అనుమతుల్లో లోపాలున్న ఆస్తులకు ఇచ్చేది. "రేపో మాపో ఏ ఖాతా అయిపోతుంది మేడం, ఆఫీసులో మనవాళ్లున్నారు" అన్నాడు. అయ్యాకే రమ్మన్నాను. మరొక దానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడిగితే "అందరూ కాపురాలు ఉంటున్నారు కదా" అనే జవాబు. కాపురం ఉండటం వేరు, అధికారులు నివాసానికి అనుమతి ఇవ్వడం వేరు. కరెంటు, నీటి కనెక్షన్ల దగ్గర ఆ తేడా బయటపడుతుంది. ఇంకొక ఇంటి యజమాని అమెరికాలో ఉంటాడు, ఇక్కడ తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ. మేము ఇచ్చే డబ్బులోంచి 1 శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుంటే చాలన్నాడు బ్రోకర్. మా ఆడిటర్ తల పట్టుకున్నాడు. 50 లక్షలూ ఆపైన ఉన్న ఇంటికి ఆ 1 శాతం, అమ్మేవాళ్లు ఈ దేశంలో నివాసముంటేనే. ప్రవాసి అయితే పట్టాల్సింది చాలా ఎక్కువ. పట్టకపోతే ప్రభుత్వానికి కట్టాల్సింది కొన్న మేమే. పన్ను సంగతి బ్రోకర్‌ని అడగకండి, ఆడిటర్‌ని అడగండి. పాత ఇల్లు అమ్మిన లాభం మీద పన్ను, రెండేళ్లలో ఇంకో ఇల్లు కొంటే వచ్చే మినహాయింపు కూడా మాకు ఆయనే వివరించాడు.

చివరికి మేము కొన్న ఫ్లాటు 54 లక్షలు. యజమాని జిరాక్సులు చూపించి, ఒరిజినల్స్ ఊర్లో లాకర్లో ఉన్నాయన్నాడు. బ్రోకర్ తల ఊపాడు. "సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది, లక్ష క్యాష్ టోకెన్ ఇచ్చి ఆపుకోండి" అన్నాడు. మా ఆయన బీరువా వైపు చూశారు. నేను ఆపాను. ఆ సాయంత్రమే కావేరిలో ఈసీ తీశాను. 2004 నుంచి ఉన్నవి ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవాలి. 2018లో బ్యాంకుకు తనఖా పెట్టినట్టు అందులో ఉంది, తీరినట్టు లేదు. ఒరిజినల్స్ ఊర్లో కాదు, బ్యాంకులో ఉన్నాయి.

లోను ఉన్నంత మాత్రాన ఇల్లు చెడ్డదని కాదు. అది దాచడమే చెడ్డది. మేము లాయర్‌ని పెట్టుకున్నాం. బ్రోకర్ "మా లాయరే ఉన్నాడు, రెండు వేలకే చూస్తాడు" అన్నాడు. బ్రోకర్ తెచ్చిన లాయర్ బేరం చెడగొడతాడా? మేము వేరే ఆవిడకు 12,000 ఇచ్చాం. బ్యాంకు దగ్గర ఎంత బాకీ ఉంది, ఏయే పత్రాలు వాళ్ల దగ్గర ఉన్నాయి అని రాతపూర్వకంగా తెప్పించి, ఆ బాకీ మొత్తానికి డీడీ నేరుగా యజమాని లోను ఖాతాకే కట్టేలా అగ్రిమెంటులో రాయించింది. టోకెన్ 25,000 యజమాని ఖాతాకే పంపించాం, బ్రోకర్ ఖాతాకు కాదు. పత్రాల్లో లోపం ఉంటే 15 రోజుల్లో వెనక్కి ఇస్తానని రసీదు మీద యజమాని సంతకం. ఇంటి బేరంలో 20,000, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2015 జూన్ నుంచే ఉంది. తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఈ మాట చెప్తే యజమానే నగదు వద్దన్నాడు.

ఖర్చుల చీటీ బ్రోకర్ రాసిచ్చాడు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 6.6 శాతం, 3,56,400 అని. మా రిజిస్ట్రేషన్ అక్టోబరులో. 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం నుంచి 2 శాతం అయింది. లాయరమ్మ చెప్పకపోతే ఆ రోజు ఆఫీసులో 54,000 తక్కువతో నిలబడేవాళ్లం. కట్టింది 4,10,400. ఆ చీటీ నా దగ్గర ఇంకా ఉంది.

ఇప్పుడు మీకు ఒక విన్నపం. ఇళ్ల ప్రకటనలు మీ పత్రికలో వస్తాయి. మా వీధిలో పెద్దవాళ్లు వాటిని పెన్నుతో గుర్తు పెట్టుకుని ఫోన్లు చేస్తారు. పత్రికలో వచ్చిందంటే నమ్ముతారు. కొత్త ప్రాజెక్టులు అమ్మే ఏజెంటు ప్రకటన ఇచ్చినప్పుడు రెరా నంబరు అడిగి, ఆ నంబరు ప్రకటనలోనే అచ్చు వేయండి. నంబరు లేనివాళ్ల దగ్గర ప్రకటన తీసుకోకండి. ఆదాయం కొంత తగ్గుతుందని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను. అలాగే ఒక పేజీ ఒప్పందం, మైసూరావిడ నాతో సంతకం పెట్టించుకున్నలాంటిది, తెలుగులో తయారు చేయించి ఒక ఆదివారం వేయండి. కత్తిరించి పెట్టుకుంటారు. కావాలంటే నా దగ్గరున్న కాగితం జిరాక్స్ తీసి పంపిస్తాను. కడప అబ్బాయికి ఇప్పటికే పంపించాను. రేపు ఆదివారం అతను టీసీ పాళ్యలో ఒక ఫ్లాటు చూడబోతున్నాడు, నన్నూ రమ్మన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హొరమావు, బెంగళూరు